ఘామ్‌డాండా కాగితం

ఘామ్‌డాండా
2043 అసోజ్ 29

భాంజీ అంబిక పాదాలకు మామ దండం.

ఆకాశం నిర్మలంగా ఉంది. ఉత్తరపు గాలి. పొద్దున్నే పశువుల కొట్టం మీద పాత గడ్డి తీసేసి కొత్తది కప్పాను.

దశైం పండగకు నువ్వు రాలేదు. నీ నుదుటి టీకా గిన్నె పీట మీదే ఉంచాం. పండగ మొలకలు మాత్రం మా ఇంటావిడ, నీ మైజూ, ఆకులో చుట్టి, టపా మోసే హులాకీ చేతికిచ్చింది. పౌర్ణమి లోపల చేరితే చెవి వెనక పెట్టుకో. చెల్లెలి కూతురికి టీకా పెట్టకుండా పండగ గడిచిపోయిందని మైజూ రెండు పూటలు సరిగా తినలేదు.

సదర్ముకాం నుంచి నీ జిల్లా ఆఫీసు జాబు అందింది. పైన సర్కారు ముద్ర ఉంది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. ఊరు గట్టు మీద ఉంది. ఉత్తరపు వాలు అడవి, దక్షిణపు వాలు మెట్ల పొలాలు. తూర్పు వాగులో ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి, పడమటి వాగు చైత్‌లో ఎండుతుంది. పాత కోట గోడ కొంత నిలిచి ఉంది. మేకలు అక్కడ పడుకుంటాయి. కాగితం ఎంత చేస్తారని అడిగావు. కొద్దిగా. ఇంటి అవసరానికి. అడవిలో కాగితానికి బెరడిచ్చే లోక్తా పొద ఎంత ఉందని అడిగావు. అదీ కొద్దిగానే. మిగతా ఇళ్ళవాళ్ళను కూడా అడగమన్నావు. అడిగాను. వాళ్ళూ అదే అన్నారు.

మా చిన్న తమ్ముడు, మీ కాంఛా మామ టేక్, ఈ చలికాలం మధేస్ మైదానానికి దిగిపోతానంటున్నాడు. భార్యను, పిల్లలను తీసుకుని. వాడి బావమరిది అక్కడ వడ్ల మిల్లులో ఉన్నాడు. ఎన్నాళ్ళకని అడిగాను. ఎన్నాళ్ళకూ కాదు, పూర్తిగా అన్నాడు. గట్టు మీద మా నాన్న పిల్లల్లో మిగిలింది వాడూ నేనే.

కొట్టం పని ఇంకా ఒక పక్క మిగిలింది.

హస్తబహదూర్


సదర్ముకాం
2043 కార్తీక్ 9

జేఠా మామకూ మైజూకూ అంబిక నమస్కారాలు.

మొలకలు పౌర్ణమి నాడే చేరాయి. చెవి వెనక పెట్టుకునే ఆఫీసుకు వెళ్ళాను. కానీ మామా, ఒక మనవి. జాబు మొదట్లో నా పాదాలకు దండం రాయకండి. పక్క బల్ల అతను తరాయి నుంచి వచ్చినవాడు, భుజం మీదుగా చదివి, "ఏంటండీ, మీ ఊళ్ళో మిమ్మల్ని గుళ్ళో పెట్టి పూజిస్తారా?" అన్నాడు. మేనకోడలి కాళ్ళకు మేనమామ మొక్కే ఆచారం మాకుందంటే నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ముందే చెప్పకూడదని మా హాకిమ్ సాబ్ ఆజ్ఞ. చెబితే ప్రతి ఊరూ తనది గొప్పగా చెప్పుకుంటుందట. ఇప్పుడు జవాబులన్నీ వచ్చేశాయి కనుక చెప్పొచ్చు. జిల్లా గురించి ఒక పుస్తకం తయారవుతోంది. భూగోళం, పాత వారసత్వం, చిన్న పరిశ్రమల అవకాశాలు. ఆ మూడు అధ్యాయాలూ నావే! దాన్ని బట్టి మా ఆఫీసు ఒక ఊరిని ఎంచుకుని కాగితం పని కేంద్రం పెడుతుంది. బెరడు ఉడకబెట్టే పెద్ద రాగి గుండిగలు, గుజ్జు కొట్టే కొట్టం, తొట్లు, చేసిన కాగితం కొనడానికి ఖాట్మండు బేరగాడు, అన్నీ.

మన ఊరి గురించి నేను రాసిన పేజీ చూడండి. ఎంత ప్రేమగా రాశానో మీకే తెలుస్తుంది:

"జిల్లా ఉత్తరపు అంచున, రెండు వాగుల నడుమ, ఎద్దు మూపురంలా లేచిన గట్టు మీద ఘామ్‌డాండా ఉంది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలే దాకా ఎండ ఈ ఊరిని వదలదు. పాత చౌబీసీ రాజ్యాల నాటి కోట గోడ ఇక్కడ చూడదగినది. ఒకప్పుడు కాగితానికి పేరుపొందిన ఊరే అయినా ఇప్పుడా వృత్తి దాదాపు అంతరించింది. చిన్న పరిశ్రమకు అవకాశం: తక్కువ."

మీరు దాచకుండా ఉన్నదున్నట్టు రాయడం నాకెంత మేలైందో! మిగతా ఊళ్ళన్నీ అరచేతిలో వైకుంఠం చూపించాయి. కేంద్రానికి కొండ కింది ఫేదీ బజారు పేరు సిఫారసు చేశాను. రోడ్డు వచ్చింది, లారీ ఆగుతుంది. కాంఛా మామ మధేస్ దాకా పోవడమెందుకు? ఫేదీలోనే కూలి దొరుకుతుంది. ఆ మాట ఆయనతో నా తరఫున చెప్పండి.

మీ అంబిక


ఘామ్‌డాండా
2043 కార్తీక్ 20

భాంజీకి దండం. పాదాల మాట నీ కోరిక మీద తీసేశాను. మైజూకు చెప్పలేదు.

రాత్రి కొద్దిగా మంచు కురిసింది. పొద్దున ఎండ. బూడిద జల్లించి బుంగల్లో పోశాను.

నీ జాబు వాకిట్లో చదివాను. నలుగురూ కూర్చున్నారు. ఎద్దు మూపురం మాట దగ్గర సంతోషించారు. చివరి మాట దగ్గర చుట్టలు కింద పెట్టారు. తర్వాత టేక్ అన్నాడు. వాడి మాటలు వాడివిగానే రాస్తున్నాను.

"చూశావా దాజూ! ఫేదీ ఎవరి ఊరు? వాళ్ళ నాన్న ఊరు. మనం టీకాలు పెట్టి, కాళ్ళు మొక్కి, పెరుగూ అటుకులూ తినిపిస్తే, తీరా రాసుకునేటప్పుడు తండ్రి ఊరికి రాసుకుంది. కూలికి రమ్మంటోంది నన్ను! గుజ్జు చేతికి తగిలితే చాలు, ఎంత ఉడికిందో చెప్తానే నేను. నాకు ఫేదీలో కూలా? దానికంటే వడ్ల మిల్లులో తవుడు పీల్చడం నయం."

నేను వాడికేమీ చెప్పలేదు.

నువ్వు కాగితం ఎంత అని అడిగావు. మేము కొద్దిగా అన్నాం. కొద్దిగా అంటే ఎంత అని నువ్వు అడగలేదు. వచ్చి చూడు.

ఇంకేమీ లేదు. ఆవు ఈనింది.

హస్తబహదూర్


సదర్ముకాం
2043 కార్తీక్ 30

జేఠా మామకు,

ఇది ఆఫీసు కాగితం కాదు. నా సొంతం. కోపాన్ని సర్కారు కాగితం మీద పెట్టకూడదని దుకాణానికి వెళ్ళి కొనుక్కొచ్చాను.

తండ్రి ఊరికి రాసుకున్నానా? కాంఛా మామ ఆ మాట ఎలా అనగలిగాడు? మా నాన్న పోయిన తర్వాత ఫేదీలో మాకు మిగిలింది ఒక గోడ, దాని పక్కన పెద్దనాన్న పెట్టిన ముళ్ళకంచె. నన్ను బడికి పంపింది మీరు. ఏటా దశైం కాగానే గట్టు నుంచి ఆ దారి పొడుగునా నన్ను వీపు బుట్టలో కూర్చోబెట్టుకుని మోసింది కాంఛా మామే. వాగు దాటేటప్పుడు "కదిలావంటే చేపలకు వేసేస్తా" అనేవాడు. ఆ మనిషి ఇవాళ నన్ను మోసగత్తెను చేశాడు. మీరు పక్కనే కూర్చుని "వాడికేమీ చెప్పలేదు" అని నాకు రాస్తున్నారు!

మీరు కొద్దిగా అన్నారు. ఊరంతా కొద్దిగా అన్నదని కూడా రాశారు. నేనా ముక్క నమ్మాను. మీ మాట నమ్మక ఇంకెవరి మాట నమ్మాలి? వచ్చి చూడమంటున్నారు. సెలవెక్కడిది? మాఘ్ నెలాఖరుకు పుస్తకం ఖాట్మండు వెళ్ళిపోవాలి.

కొద్దిగా అంటే ఎంత? ఇదిగో, అడుగుతున్నాను. ఈసారైనా ఒక్క వాక్యం ఎక్కువ రాయండి. మీ నోట్లోంచి మాట రాబట్టడం బండలోంచి నీళ్ళు పిండడంలా ఉంది.

మైజూ ఆరోగ్యం? ఆవుకు ఏ దూడ పుట్టిందో కూడా రాయలేదు మీరు.

అంబిక


ఘామ్‌డాండా
2043 మంసిర్ 8

భాంజీ అంబికకు మామ దండం. కోపం దిగే దాకా కూర్చుని చదువు.

ఎండ బాగుంది. గాలి లేదు. కాగితం ఆరే రోజు. మొదటి గుజ్జు తొట్లో వేశాం. పెయ్యదూడ.

ఈ జాబు మీద ముద్ర లేదు. అందుకని చెబుతున్నాను.

మా తాత కాలంలో ఖాట్మండు కచేరీలకు కాగితం ఈ కొండల నుంచే వెళ్ళేది. పన్నుకు బదులు కాగితం. ప్రతి అసోజ్‌లో ఒక సర్కారు అధికారి, సుబ్బా, ముద్ర ఉన్న జాబు తెచ్చి, ఎంత చేయగలరని అడిగేవాడు. చేయగలమన్నంతా చేయాలి. మరుసటి ఏడు దాని మీద ఇంకొంత. ఒక ఏడు మా తాత అన్న నిజం చెప్పాడు. ఆ చలికాలం ఊరి ఆడవాళ్ళందరూ గోళ్ళూడేదాకా బెరడు కొట్టారు. అప్పటి నుంచి ముద్ర ఉన్న జాబుకు ఈ ఊరి జవాబు ఒకటే. కొద్దిగా. అబద్ధమని ఎవరూ అనుకోరు. వాకిట్లోకి వచ్చినవాడికి కూర్చోమని చెప్పడం లాంటిది.

నీ జాబు మీద కూడా ముద్ర ఉంది. సంతకం నీదేనని చూశాం. కానీ ముద్ర ముద్రే కదా.

ఇప్పుడు నువ్వడిగినది. కాగితం ఆరేసే చట్రాలు లేని ఇల్లు లేదు. మంసిర్ నుంచి ఫాగున్ దాకా గట్టు మీద నిలబెట్టిన చట్రాలతో ఊరు తెల్లగా ఉంటుంది. ఎదుటి కొండవాళ్ళు దూరం నుంచి చూసి మంచు పడిందనుకుంటారు. కనుమ దాటి వచ్చే బేరగాడు కంచర గాడిదల మీద కట్టుకుపోతాడు. తాను చెప్పిందే ధర. వాడూ బయట చెప్పడు, మేమూ చెప్పం. అడవిని వాలు వాలుగా పంచుకున్నాం. ఈ ఏడు కోసిన వాలు మీద మళ్ళీ బెరడు మందమయ్యే దాకా కత్తి పడదు. వేరు ఎవరూ తీయరు. తీసినవాడి ఇంట్లో ఊరు భోంచేయదు. ఉత్తరపు వాలులో సగం మేరకు మేము ఇంకా అడుగే పెట్టలేదు.

నీకు ఇదంతా తెలుసనుకున్నాను. నువ్వు చిన్నప్పుడు వచ్చేది దశైంకు. కాగితం పని మొదలయ్యేది అది దాటాక. అది నాకు తట్టలేదు.

టేక్ మాఘ్‌లో బయలుదేరుతాడు. గేదెకు బేరం వచ్చింది.

ఒక్క వాక్యం కంటే ఎక్కువే రాశాను.

హస్తబహదూర్


సదర్ముకాం
2043 మంసిర్ 17

మామా! మామా!

మీ జాబు చదివి ముందు తల పట్టుకున్నాను, తర్వాత నవ్వాను, తర్వాత తిన్నగా హాకిమ్ సాబ్ గదిలోకి నడిచాను.

"సార్, ఘామ్‌డాండా పేజీ తప్పు."

"అంబికాజీ, తప్పంటే? ఎక్కువ చెప్పారా?"

"తక్కువ చెప్పారు సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇరవై ఏళ్ళ సర్వీసులో తక్కువ చెప్పిన ఊరిని చూడలేదే. మీ మేనమామ ఊరేగా అది?" అన్నారు. ఆ గొంతులో కాంఛా మామ గొంతే వినపడింది నాకు. ఒకాయనకు నేను తండ్రి ఊరి పక్షం, ఇంకొకాయనకు తల్లి ఊరి పక్షం.

అప్పుడు నేను పొగమంచు సంగతి ఎత్తాను. ఇది మీ జాబులో లేదు, నేనూ ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. నేను పుట్టింది ఫేదీలో. చలికాలం అక్కడ ఏటి మీంచి లేచిన పొగమంచు మిట్టమధ్యాహ్నం దాకా కదలదు. మా అమ్మ ఉతికిన బట్టలు మూడో నాటికి వాసనొచ్చేవి. కాగితం చట్రం మీద ఎండలో ఆరాలి కదా, అదీ చలికాలంలోనే కదా! ఫేదీలో కేంద్రం పెడితే గుండిగ ఉడుకుతుంది, గుజ్జు వస్తుంది, కాగితం మాత్రం బూజు పడుతుంది. రోడ్డు ఒక్కటే చూసి ఆ పేరు రాశాను. ఊరు అదే, పొగమంచు అదే, అందులో పెరిగింది నేనే. పొగమంచు లేని చోటంటూ ఉంటే అది మన గట్టే. ఎండ వదలదని నేనే రాశాను, రాసి దాని కిందే "అవకాశం: తక్కువ" అని పెట్టాను!

హాకిమ్ సాబ్ చాలాసేపు పటం చూశారు. "కళ్ళతో చూస్తే తప్ప మార్చను" అన్నారు. చూస్తారు! పూస్ 5న బయలుదేరుతున్నాం, ఆయనా నేనూ. ఊరందరికీ చెప్పండి. ఉన్న చట్రాలన్నీ గట్టు మీద నిలబెట్టండి. ఒక్కటి కూడా లోపల ఉండకూడదు. కాంఛా మామతో చెప్పండి, గేదెను అప్పుడే అమ్మొద్దని.

మైజూను గుంద్రుక్ ఆకు పులుసు చేయమనండి. హాకిమ్ సాబ్ ఖాట్మండు మనిషి, కారం తక్కువ. నాకు మామూలే.

అంబిక


ఘామ్‌డాండా
2043 పూస్ 3

భాంజీకి దండం.

మబ్బు. గొడ్డలికి పిడి మార్చాను.

నీ జాబు ఊళ్ళో చెప్పాను. చట్రాలు నిలబెట్టమన్నావని కూడా చెప్పాను. సర్కారు మనిషి వస్తున్నాడా అని అడిగారు. అవునన్నాను. సరే అన్నారు. వాళ్ళు సరే అన్న తీరు నాకు నచ్చలేదు.

హాకిమ్ లేకుండా ముందు నువ్వొక్కదానివే వస్తే మంచిది. ఈ జాబు హులాకీ చేతికి ఇవాళే ఇస్తున్నాను.

టేక్ గేదె అమ్ముడుపోయింది.

హస్తబహదూర్


సదర్ముకాం
2043 పూస్ 14

జేఠా మామకూ మైజూకూ నమస్కారాలు.

మీ 3వ తేదీ జాబు నిన్న అందింది. మేము కొండ ఎక్కుతుంటే అది దిగిందన్నమాట. చౌతారా చెట్టు అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్న హులాకీని పలకరించాను కూడా. ఆయన సంచిలోనే ఉంది!

అక్కడ జరిగింది మీరూ చూశారు. అయినా నా వైపు నుంచి రాయాలి, ఎందుకంటే మీరు రాయరు.

చివరి మలుపు దగ్గర నేను హాకిమ్ సాబ్‌ను ఆపాను. "సార్, ఈ రాయి దాటగానే చూడండి, మంచు కొండలా ఉంటుంది" అన్నాను. దాటాం. గట్టు బోడిగా ఉంది. ఒక్క చట్రం లేదు. రెండు మేకలున్నాయి. ఆయన మోకాళ్ళ మీద చేతులుంచుకుని, ఆయాసపడుతూ, "అంబికాజీ, మేకలు బాగున్నాయి" అన్నారు. నేల చీలితే దూకేదాన్ని.

వాకిళ్ళలో అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. తొట్లమీద గడ్డి కప్పారు. ఆయన అడిగారు, "కాగితం చేస్తారా?" "కొద్దిగా, హజూర్." "లోక్తా ఉందా?" "కొద్దిగా, హజూర్." కాంఛా మామ అయితే నా వైపు చూడనే లేదు. మధేస్ మూటలు గోడకు ఆనించి ఉన్నాయి. నేను మీ కోసం చూశాను. మీరు ఇంట్లోకి వెళ్ళిపోయారు. మామ కూడా వదిలేశాడనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో మీ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఇక టీకాకు కూడా రానని ఒట్టు పెట్టుకున్నాను.

అప్పుడు మీరు రాగి చెంబుతో నీళ్ళు, పీట పట్టుకుని వచ్చారు. పీట వాకిలి నడుమ వేసి, "కూర్చో" అన్నారు. హాకిమ్ సాబ్ తనకేమో అనుకుని వంగబోయారు! మైజూ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది. మీరు నా బూట్లు విప్పి, కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగారు. ఊరంతా చూస్తుండగా. పెళ్ళిళ్ళలో తప్ప ఎవరూ చేయని పని.

మూలింటి ముసలావిడ బూఢీ ఆమా కర్ర తాటించి, "హస్తే, ఏమిట్రా ఇది? పిల్ల సర్కారు తరఫున వచ్చింది కదా" అంది.

"వచ్చింది. కడిగేశాను. ఇప్పుడు భాంజీ" అన్నారు మీరు. నాతో, "అడుగు" అన్నారు. అంతే. నా జీవితంలో మీరు నలుగురిలో మాట్లాడగా విన్నది అదే మొదటిసారి.

ఊరంతా నాకు మామలే. కాళ్ళు కడిగిన భాంజీకి అబద్ధం చెబితే ఇంటికి పాపం చుట్టుకుంటుందని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. "మామలారా, చట్రాలెక్కడ?" అన్నాను.

ఒకాయన దగ్గాడు. చివరికి కాంఛా మామ మూటలు దాటుకుని ముందుకొచ్చి, నా వైపు చూడకుండానే, "మా అటక మీద. మొక్కజొన్న కండెల వెనక. వీళ్ళవి కోట గోడ అవతల. దిగండర్రా, ఇంకా ఏం చూస్తారు? అది అడిగింది కదా" అన్నాడు. తర్వాత నాతో, "కదిలావంటే చేపలకు వేసేస్తా" అన్నాడు. నేను ఏడ్చేశాను, మామా. ఆఫీసరు ముందు, వట్టి కాళ్ళతో, పీట మీద కూర్చుని.

తర్వాత ఒక్కో ఇంట్లోంచి, అటకల్లోంచి, కోట గోడ వెనక నుంచి చట్రాలు రావడం మొదలైంది. పొద్దు వాలే లోపు గట్టు నిండిపోయింది. హాకిమ్ సాబ్ ఆ వరసల మధ్య తిరుగుతూ ఒక్కో చట్రాన్నీ వేలితో తాకి చూశారు. బూఢీ ఆమా ఆయన వెనకే కర్రతో నడుస్తూ, "ముట్టుకో బాబూ, ముట్టుకో. లెక్క మాత్రం పెట్టకు" అంటోంది.

దిగేటప్పుడు మాత్రం ఆయన దారి పొడుగునా మోకాలి నొప్పి గురించే మాట్లాడారు. ఫేదీలో రాత్రి ఆగాం. పొద్దున తొమ్మిదింటికి కూడా ఎదుటి దుకాణం కనపడలేదు. ఆయన ఆ పొగమంచులోకి చాలాసేపు చూశారు. పేజీ మారుస్తారో లేదో నాకింకా తెలియదు.

కాంఛా మామను మాఘ్ నెలాఖరు దాకా ఆపండి. మీరు అడిగితే ఆగుతాడు.

మీ అంబిక


ఘామ్‌డాండా
2043 పూస్ 26

భాంజీ అంబికకు మామ దండం.

రెండు రోజులు మంచు. ఇవాళ విడిచింది. ఇంటి కప్పు మీద మంచు తోసేశాను.

నువ్వు రాసింది చదివి వినిపించలేదు. మైజూ చదవమంది. ఆమెకు మాత్రం చదివాను. బూట్ల దగ్గర నవ్వింది.

ఊళ్ళో ఇప్పుడు వేరే భయం పట్టుకుంది. హాకిమ్ కళ్ళతో చూశాడు, వచ్చే ఏడు దీనికి రెట్టింపు అడుగుతాడు అంటున్నారు. అది కొట్టిపారేసే మాట కాదు. అందుకని నేను ఇది రాస్తున్నాను, నీ హాకిమ్‌కు చూపించు. కేంద్రం ఇక్కడ పెడితే, ప్రతి అసోజ్‌లో ఆ ఏడు ఎంత చేస్తామో మేము చెబుతాం. మీరు అడగకూడదు. ఏ వాలు కోయాలో కూడా మేమే చెబుతాం. ఇది ఒప్పుకుంటే నిజం చెబుతాం. లేకపోతే కొద్దిగానే.

కింద ఇంటింటి బొటనవేలి ముద్రలున్నాయి. బూఢీ ఆమాది పెద్దగా పడింది, సిరా ఎక్కువైంది.

టేక్‌ను ఆపమన్నావు. నేను అడగలేదు. అడిగితే ఆగుతాడు. అందుకే అడగలేదు. నా కోసం ఆగినవాడు నా కోసమే జీవితమంతా చలికి వణకాలి. వాడికి ఇద్దరు పిల్లలున్నారు. నిన్న వాడి తొట్టిని మా వాకిట్లో దించి, "దాజూ, వాడుకో" అన్నాడు. నేను బోర్లించి పెట్టాను.

మాఘ్ 10న బయలుదేరుతున్నారు.

హస్తబహదూర్


సదర్ముకాం
2043 మాఘ్ 7

మామా,

పేజీ మారింది!

హాకిమ్ సాబ్ స్వయంగా కొట్టివేసి రాశారు. ఎద్దు మూపురం ఎగిరిపోయింది, కోట గోడ ఒక వాక్యానికి కుదించుకుపోయింది, దాని గురించి ఇవాళ నేనేమీ గొణగను. ఇప్పుడు అందులో ఉన్నది ఇది: "చలికాలమంతా నిరాటంకమైన ఎండ, ఏడాది పొడుగునా నీరు, వాలు వంతున కోసే అడవి కట్టుబాటు, చేయి తిరిగిన పనివాళ్ళు. కాగితం పనికి జిల్లాలో ఇంతకంటే తగిన చోటు లేదు." ఉడకబెట్టడం, కొట్టడం, ఆరబెట్టడం గట్టు మీద. సరుకు కొట్టు మాత్రం ఫేదీలో, లారీ కోసం.

మీ షరతు చదివి ఆయన, "పన్ను కట్టేవాళ్ళు సర్కారుకు షరతు పెట్టడం మొదటిసారి చూస్తున్నాను" అన్నారు. ఆ పెద్ద వేలిముద్ర ఎవరిదని అడిగారు. కర్ర పట్టుకుని వెనక తిరిగిన ఆవిడదని చెప్పాను. వెంటనే సంతకం పెట్టారు.

ఊరి సంఘానికి అధ్యక్షుడు కావాలి. ఎవరిని పెట్టారో ఊహించండి. నెలకోసారి సభలో మాట్లాడాలి మామా! "అడుగు" అన్నది ఒక్కటే సరిపోదు.

ఇది 10వ తేదీ లోపల చేరదని నాకు తెలుసు. హులాకీకి నోటితో కూడా చెప్పి పంపుతున్నాను. కాంఛా మామ ఫేదీ దిగేలోపు ఎదురుపడితే చాలు. ఎదురుపడకపోతే నేనే మధేస్ వెళ్ళి వడ్ల మిల్లు ముందు కూర్చుంటాను. ఆయన గుజ్జు ముట్టుకుని చెప్పే మాట ఇంకెవరు చెబుతారు?

జవాబు తొందరగా. ఈసారి వాతావరణం తర్వాత రాయండి, ముందు సంగతి రాయండి.

మీ భాంజీ


ఘామ్‌డాండా
2043 మాఘ్ 15

భాంజీ అంబిక పాదాలకు మామ దండం. ఈసారి తీయను.

పొద్దున గడ్డ మంచు, తర్వాత మంచి ఎండ. కొత్త తొట్టికి నేల చదును చేశాను. వాతావరణం ముందు రాయకపోతే నా చేతికి జాబు రాదు.

టేక్ వాళ్ళు 10న పొద్దున్నే వెళ్ళారు. కనపడేదాకా చూసి వచ్చి కట్టెలు చీల్చాను. ఆ రోజు ఇంకేమీ చేయలేదు.

హులాకీ వాళ్ళకు కింది వంతెన మీద ఎదురయ్యాడట. జాబు నా పేరున ఉంది కనుక విప్పలేదు. నోటి మాట చెప్పాడు. టేక్ నమ్మలేదు. "సర్కారు గట్టెక్కుతుందా? ఎవడు చెప్పాడు?" అన్నాడట. భాంజీ చెప్పిందన్నాడు హులాకీ. అప్పుడు వంతెన మధ్యలో మూటలు దించి, కూర్చుని, చాలాసేపు ఏటిని చూశాడట. వెనక బరువులతో వచ్చినవాళ్ళు దారి ఇమ్మని తిట్టారట. మరదలే లేచి పెద్ద మూట వీపుకెత్తుకుని కొండ వైపు తిరిగిందని చెబుతున్నారు. వాడు అది ఒప్పుకోవడం లేదు. తానే ముందు లేచానంటాడు.

మొన్న చీకటి పడేవేళకు వాకిట్లో మూటలు దిగిన చప్పుడు వచ్చింది. మైజూ రాగి సంకటి కుండలో ఇంకా నీళ్ళు పోసింది. టేక్ నా పక్కన కూర్చుని తిన్నాడు. తిన్నాక, "ఆ మిల్లులో మనుషులందరూ దగ్గుతారట దాజూ" అన్నాడు. నేను అవునేమో అన్నాను. "గేదె లేదు, పాలకు నీ ఆవు దగ్గరికే వస్తా, సణగకూడదు" అన్నాడు. సణగనన్నాను. పిల్లలు అప్పటికే నిద్రపోయారు.

సంఘం సంగతి. సభలో నేను లేచి నిలబడతాను. మాట్లాడేది టేక్. ఇది ఊరు ఒప్పుకుంది. నీ హాకిమ్‌కు చెప్పు.

నువ్వు ఫాగున్‌లో గుండిగలతో వస్తావని హులాకీ చెప్పగా విని మైజూ ఇప్పటి నుంచే గుంద్రుక్ దాచింది. ఒక్కదానివే రాకు. ఆ తరాయి అబ్బాయిని కూడా తీసుకురా. పాదాలు మొక్కడం చూసి టీ ఒలకబోసుకుంటే మళ్ళీ పోస్తాం.

టేక్ నిన్నటి నుంచి తన తొట్టి తానే మళ్ళీ నిలబెట్టుకుని పనిలో దిగాడు. పొద్దుటి నుంచి ఇద్దరం చట్రాలు ఎక్కిస్తున్నాం. ఈ జాబు రాయడానికి వచ్చానని వాడికి కోపం. ఇప్పుడు కూడా గట్టు మీంచి అరుస్తున్నాడు. "అధ్యక్షా! రాతలు చాలు! ఈ చట్రం రెండో కొస ఎవడు పట్టుకుంటాడు, మేకా?"

ఇవాళ చేసిన మిగతా పని రాయాలి. మధ్యాహ్నం తూర్పు వాగు నుంచి కాలువ తెరిచి, పాత గుజ్జులో... వాడు మళ్ళీ అరిచాడు, కొస పట్టుకోవడానికి వెళ్తున్నాను.